యూదుల ఏకేశ్వరవాదం మోషేతో మొదలైందా, బబులోను చెరలోనా?

చిత్తూరు_చరిత్ర
తిరుపతిలో సెమినారుకు పేపరు రాస్తున్నా. పది ఆజ్ఞల్లోనే వేరే దేవుడు ఉండకూడదని ఉంది కదా, మరి ప్రవక్తలు కనానీయుల దేవుడు బయలు మీద, దేవత అషేరా మీద వందల ఏళ్లు ఎందుకు పోట్లాడాల్సి వచ్చింది? సూర్యబింబాన్ని ఒక్కదాన్నే కొలిచిన ఈజిప్టు ఫరో అఖెనాటెన్ దగ్గర నేర్చుకున్నారన్న మాట నిలుస్తుందా?

పాతలిపి
ఆ ఆజ్ఞను ఇంకోసారి చదవండి. వేరే దేవుళ్లు లేరని అక్కడ లేదు, *నీకు* ఉండకూడదని ఉంది. ఆ వెంటనే 'నేను రోషముగల దేవుడను' అంటాడు. లేనివాళ్ల మీద రోషమెందుకు? వేరే దేవుళ్లు ఉన్నారనుకుంటూనే ఒక్కరినే కొలవడం ఇది, దీన్ని ఏకదేవారాధన అనాలి, ఏకేశ్వరవాదం కాదు. చాలామంది పేపర్లు ఇక్కడే తప్పుతాయి.

న్యాయాధిపతులు 11:24లో ఇశ్రాయేలు నాయకుడు యెఫ్తా వాదన చూడండి: మీ కెమోషు ఇచ్చింది మీరు ఉంచుకోండి, మా యెహోవా ఇచ్చింది మేం ఉంచుకుంటాం. (కెమోషు మోయాబు దేవుడు, యెఫ్తా మాట్లాడేది అమ్మోను రాజుతో. అది వేరే చిక్కు.) 1868లో నేటి జోర్డాన్‌లోని ధీబాన్‌లో దొరికిన, మోయాబు రాజు మేషా శాసనం క్రీ.పూ. 840 ప్రాంతానిది. కెమోషుకు తన దేశం మీద కోపం వచ్చింది కాబట్టే ఇశ్రాయేలు మమ్మల్ని అణచిందని మోయాబు రాజు అందులో రాయించాడు. పేరు మారిస్తే అచ్చం రాజుల గ్రంథమే.

ద్వితీయోపదేశకాండం 32:8 కూడా వదలొద్దు. మన తెలుగు బైబిల్లో 'ఇశ్రాయేలీయుల లెక్క' అని ఉన్నచోట మృత సముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో దొరికిన పాత ప్రతిలో 'దేవుని కుమారుల లెక్క' అని ఉంది. మహోన్నతుడు జనాలను దేవతలకు పంచితే యాకోబు యెహోవా వాటాకు వచ్చాడన్నమాట.

తిరుచానూరు_రోడ్
శాసనాలంటే కుంతిల్లెత్ అజ్రూద్ అనే చోటు ముందు. సీనాయి ఈశాన్యంలో 1975-76లో తవ్వారు. క్రీ.పూ. 800 ప్రాంతపు పెద్ద జాడీల మీద 'సమరయ యెహోవా, ఆయన అషేరా' పేరిట దీవెనలు ఉన్నాయి. కొండమీద స్వామి, కింద అమ్మవారు అలవాటైన మనకు ఇది చదవగానే 'ఓహో, దేవేరి' అనిపిస్తుంది. కొంచెం ఆగాలి. హీబ్రూలో మనిషి పేరుకో దేవత పేరుకో 'ఆయన' అనే ప్రత్యయం మామూలుగా చేరదు. అందుకే అది దేవి కాదు, పూజాస్తంభమని కొందరంటారు. స్తంభమైనా అది ఎవరి గుర్తు అన్న ప్రశ్న మిగులుతుంది. జాడీ మీది బొమ్మలను ఆ రాతకు ముడిపెట్టకండి, రెండూ ఒకే చేతివి కాకపోవచ్చు.

పాతలిపి
'ఇంకెవరూ లేరు' అని తెగేసి చెప్పేది యెషయా 44, 45 అధ్యాయాలు. వాటి కాలం చెర, అంటే యూదులు బబులోనులో బందీలుగా ఉన్న రోజుల చివర. క్రీ.పూ. 586లో బబులోనువాళ్ల చేతిలో యెరూషలేము గుడి కాలిపోయింది. పాత లెక్కన చూస్తే బబులోను దేవుడు మర్దూకు గెలిచి యెహోవా ఓడినట్టు. ఆ లెక్క ఒప్పుకోనివాడు బబులోనును కూడా మా దేవుడే నడిపించాడనాలి. అలా అన్నాక మర్దూకుకు పని మిగలదు. అంతకుముందు యూదా రాజు యోషీయా క్రీ.పూ. 622లో అషేరాను గుడిలోంచి తీసి కిద్రోను వాగు దగ్గర కాల్పించినా, అది ఆరాధనను ఒక్కచోటికి తేవడమే.

అఖెనాటెన్ మాట వదిలేయండి. అతని మతం అతని వెనకే పోయింది, మధ్యలో ఎనిమిది వందల ఏళ్ల ఖాళీ.

చిత్తూరు_చరిత్ర
పారసీకుల ప్రభావమో మరి?

తిరుచానూరు_రోడ్
జాగ్రత్త అన్నా. క్రీ.పూ. 539లో బబులోనును పట్టిన పారసీక రాజు కోరెషును మర్దూకే ఎంచుకున్నాడని, గొట్టం ఆకారపు మట్టి ముద్ద మీద అతను రాయించిన శాసనం చెబుతుంది. అదే రాజును యెహోవా అభిషేకించాడని యెషయా 45:1 అంటుంది. పారసీకుల దేవుడు అహుర మజ్దా పేరు రెండింట్లోనూ లేదు. ఇంకోటి, చెర తర్వాత అందరూ మారిపోయారని రాయకండి. నైలు నదిలోని ఎలిఫెంటినే దీవి యూదుల చందా పట్టీలో, క్రీ.పూ. 400 ప్రాంతంలో కూడా, యాహోతో (యెహోవాకు వాళ్ల పేరు) పాటు అనత్‌బేతేలు అనే దేవతకు డబ్బు జమ అయింది.