ఇంటి వెనుక చౌడు నేలలో చిన్న పసుపు పూలు: ఇది ప్రెయిరీ డానేనా, అయితే ఏం చేయాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము హ్యూస్టన్‌కు పడమరన కేటీ ప్రాంతంలో ఆరేళ్లుగా ఉంటున్నాము. మా కంచె దాటిన వెంటనే హెచ్‌ఓఏకు (కాలనీ ఇళ్ల యజమానుల సంఘానికి) చెందిన ఖాళీ స్థలం ఉంది. అందులో రెండు గదులంత మేర గడ్డి సరిగా మొలవదు. చలికాలపు వానలకు అక్కడ నీళ్లు నిలుస్తాయి, ఎండ రాగానే నేల బూడిద రంగులోకి మారి గట్టిపడి బీటలు వారుతుంది. ఈ మార్చి మొదటి వారంలో ఆ గట్టి నేల మీద చిన్న చిన్న పసుపు పూలు కనిపించాయి. మా అమ్మాయి ఫొటో తీసి, మొక్కలనూ జంతువులనూ గుర్తుపట్టే ఐనాచురలిస్ట్ యాప్‌లో పెడితే అది ‘టెక్సస్ ప్రెయిరీ డాన్’ అనే అరుదైన మొక్క కావచ్చని వచ్చింది. ఫొటో ఇక్కడ కూడా జత చేశాను. అయితే ఆ చోటును చదును చేసి, మంచి మట్టి తోలి, గడ్డి పరుస్తామని హెచ్‌ఓఏ వారు నోటీసు పంపారు. పని వచ్చే నెలలోనే మొదలవుతుందట. ఈ లోగా మొక్కలను వేళ్లతో సహా తీసి కుండీల్లో పెట్టి కాపాడవచ్చా? చట్టప్రకారం మేము చేయవలసినది ఏమైనా ఉందా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం

చెల్లెమ్మా, ముందుగా ఒక్క మాట: దయచేసి మొక్కలను పెకలించవద్దు. కారణం చెబుతాను.

మీరు పదిసెంట్ల నాణెం పక్కన పెట్టి తీసిన ఫొటో చాలా ఉపయోగపడింది. పువ్వు ఆ నాణెం కంటే చిన్నదిగా ఉంది. చామంతికి ఉన్నట్టు రేకులు బయటికి విచ్చుకోలేదు. ఉన్న కాసిని రేకులూ కింది పచ్చటి పొరల చాటునే ఉండిపోవడం వల్ల పువ్వంతా గుండ్రటి పసుపు గుండీలా కనిపిస్తోంది. ఆకులు నేలను అంటిపెట్టుకుని చుట్టూ పరుచుకున్నాయి, కాడ జానెడు ఎత్తు కూడా లేదు. మీరున్న ప్రాంతాన్నీ, ఈ నెలనూ, ఆ నేలనూ కలిపి చూస్తే ఇది హైమెనాక్సిస్ టెక్సానా, అంటే ప్రెయిరీ డానే అయి ఉండేందుకు చాలా అవకాశం ఉంది. అయినా ఫొటోను బట్టి ఖాయం చేయకూడదు, వృక్షశాస్త్రం తెలిసినవారు వచ్చి చూడాలి.

ఈ మొక్కను 1889, 1890 సంవత్సరాల్లో హ్యూస్టన్‌కు వాయవ్యంగా ఉన్న హాక్లీ దగ్గర మొదటిసారి సేకరించారు. ఆ తరువాత చాలా దశాబ్దాలు ఎవరి కంటా పడకపోవడంతో అంతరించిపోయిందనే అనుకున్నారు. 1981లో హ్యూస్టన్ దగ్గరే ఉన్న సైప్రస్ అనే ఊరి సమీపంలో మళ్లీ దొరికింది. 1986లో అమెరికా ప్రభుత్వం దీనిని అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చింది. మన తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఇళ్లు కొనుక్కున్న కేటీ, సైప్రస్ ప్రాంతాలే దీని సొంత ఊళ్లు.

ఇక నేల సంగతి. మీకు పనికిరానిదిగా కనిపిస్తున్న ఆ చౌడే ఈ మొక్కకు ఇల్లు. ఒకప్పుడు ఈ తీరపు పచ్చిక మైదానమంతటా ఇసుక పాలు ఎక్కువైన చిన్న చిన్న దిబ్బలు ఉండేవి, ఇక్కడివాళ్లు వాటిని పింపుల్ మౌండ్స్ అంటారు. దిబ్బ మీద గడ్డి గుబురుగా పెరిగేది. దిబ్బ అడుగున, కొంచెం ఉప్పదనం ఉండి నీరు ఇంకని చదునైన మడుగులో మాత్రం గడ్డి నిలదొక్కుకోలేదు. ఆ పోటీ లేని బోసి చోటే ప్రెయిరీ డాన్‌కు దక్కింది. గడ్డి నీడ పడితే ఇది బతకలేదు. టెక్సస్, లూసియానా తీరాల్లో కలిపి సుమారు 90 లక్షల ఎకరాలు ఉండిన ఈ మైదానంలో ఇప్పుడు మిగిలింది నూటికి ఒక పాలు కూడా లేదు. వరి మడుల కోసం దిబ్బలను చదును చేశారు, ఆ తరువాత ఆ మడుల మీదే రోడ్లూ కాలనీలూ వచ్చాయి. వరి పండించే ఊళ్ల నుంచి వచ్చిన మనకు ఈ మాట చెప్పడం కొంచెం కష్టంగానే ఉంటుంది కానీ జరిగింది అదే. అయితే దిబ్బలు పోయిన చోట్ల కూడా, సాగు మానేసిన పాత వరి పొలాల్లోనూ ఖాళీ స్థలాల్లోనూ, అడుగున ఆ చౌడు మిగిలి ఉంటే ఇది అప్పుడప్పుడు మళ్లీ కనిపిస్తుంది. మీ పెరటి వెనుక జరిగింది బహుశా అదే.

కుండీ ఎందుకు వద్దంటే, ఇది ఒక్క ఏడాది మొక్క. చలికాలంలో మొలిచి, మార్చిలో పూసి, విత్తనం రాల్చి, ఎండలు ముదిరేసరికి చనిపోతుంది. మీరు తీసుకెళ్లిన మొక్క కొన్ని వారాల్లో ఎలాగూ పోతుంది, దాని విత్తనం చౌడులో పడవలసింది పోయి కుండీలోని మెత్తటి మట్టిలో పడుతుంది. మనం కాపాడవలసింది పువ్వును కాదు, మట్టిలో నిద్రపోతున్న విత్తనాన్నీ, ఆ మట్టినీ. మంచి మట్టి తోలడమంటే ఆ విత్తనాలను పూడ్చిపెట్టడమే.

అడిగినవారు

అక్కయ్యగారూ, ఇంత ఓపికగా చెప్పినందుకు కృతజ్ఞతలు. రెండు సందేహాలు మిగిలాయి. మా పొరుగాయన ఇది ఊరంతా ఉండే బిటర్‌వీడ్ అనే కలుపు మొక్కేనని కొట్టిపారేస్తున్నారు. ఇక రెండోది, దీని గురించి ప్రభుత్వానికి తెలియజేస్తే స్థలం చేజారిపోతుందనీ, కాలనీకి జరిమానా పడుతుందనీ హెచ్‌ఓఏలో ఒకరిద్దరు భయపెడుతున్నారు. అది నిజమా?

మరొక సభ్యుని సమాధానం

సోదరీ, నేను భూమి అనుమతుల పనిలో ఉన్నాను కనుక రెండో సందేహానికి జవాబిస్తాను. అంతరించిపోయే జాతుల రక్షణకు 1973లో చేసిన ఫెడరల్ చట్టం జంతువులకు ఇచ్చినంత రక్షణ మొక్కలకు ఇవ్వలేదు. ఫెడరల్ భూమిలో ఉన్న మొక్కను తీయడం నేరం. ప్రైవేటు భూమిలో మాత్రం రాష్ట్ర చట్టాన్ని ఉల్లంఘిస్తేనే ఫెడరల్ చట్టం అడ్డొస్తుంది. టెక్సస్ చట్టమేమో ప్రధానంగా అమ్మకం కోసం, అనుమతి లేకుండా మొక్కలను సేకరించడాన్నే నిషేధిస్తుంది. కాబట్టి ఈ మొక్క ఉందని తెలియజేసినంత మాత్రాన ఎవరి స్థలమూ పోదు, జరిమానా రాదు. అయితే ఆ పనికి ఫెడరల్ నిధులు గానీ, తడినేలల్లో మట్టి నింపడానికి ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ (సైన్యపు ఇంజినీర్ల విభాగం) అనుమతి గానీ అవసరమైతే, నిధులో అనుమతో ఇచ్చే సంస్థ ముందుగా ఫెడరల్ వన్యప్రాణి శాఖ అయిన ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్‌తో సంప్రదించాలి. నీళ్లు నిలిచే స్థలం కనుక మీ హెచ్‌ఓఏ ఆ విషయం ముందే తేల్చుకోవడం వాళ్లకే మంచిది. ఈ మొక్క పెరిగే పెద్ద చోట్లలో అదే ఇంజినీర్ల చేతిలో ఉన్న ఆడిక్స్, బార్కర్ జలాశయాల భూములు కూడా ఉన్నాయి. వరదల నుంచి హ్యూస్టన్‌ను కాపాడటానికి 1940లలో కట్టిన ఆ జలాశయాల కోసం భూమిని ఖాళీగా ఉంచడం వల్లనే అక్కడ ఇది బతికిపోయింది.

అంటే మీ కాలనీలో ఈ మొక్కను చట్టం కాపాడదు, మీరు ఒప్పిస్తేనే బతుకుతుంది. నా అనుభవంలో బెదిరింపుగా రాసిన ఉత్తరం కంటే ఖర్చు లెక్క చూపించిన ఉత్తరానికే హెచ్‌ఓఏలు త్వరగా తలొగ్గుతాయి.

సమాధానం (మొదటి సభ్యురాలి నుంచి)

బిటర్‌వీడ్ సంగతి నేను చెబుతాను. పశువులు మేస్తే పాలు చేదెక్కే ఆ మొక్క నాకు బాగా తెలుసు. దాని ఆకులు దారాల్లా సన్నగా ఉంటాయి. రేకులు విచ్చుకుని, చివర మూడు పళ్లుగా చీలి స్పష్టంగా కనిపిస్తాయి. వసంతం చివరి నుంచి శరత్తు దాకా అది పూస్తూనే ఉంటుంది. మీ పొరుగాయనను కోపగించుకోకుండా ఇప్పుడే ఒకసారి తీసుకెళ్లి, మోకాళ్ల మీద కూర్చోబెట్టి చూపించండి. నిలబడి చూస్తే ఏ పసుపు పువ్వయినా ఒకేలా ఉంటుంది.

పనుల వరస ఇలా పెట్టుకోండి. ఈ వారమే నేటివ్ ప్లాంట్ సొసైటీ ఆఫ్ టెక్సస్ హ్యూస్టన్ శాఖకు గానీ, మీ ప్రాంతపు మాస్టర్ నాచురలిస్ట్ (ప్రకృతి పరిశీలనలో శిక్షణ పొందిన) వాలంటీర్లకు గానీ ఫొటోలు పంపి, వచ్చి చూడమని అడగండి. పూలు ఏప్రిల్ మొదట్లోనే వాడిపోతాయి కనుక ఆలస్యం చేస్తే చూపించడానికి ఏమీ మిగలదు. ఐనాచురలిస్ట్‌లో ఇలాంటి అరుదైన జాతుల ఖచ్చితమైన చోటును అందరికీ కనపడకుండా దాస్తారు. మీరు కూడా గుంపుల్లో చిరునామా పెట్టకండి. నాలుగు మూలలా కర్రలు పాతి తాడు కట్టండి, దానికి ముందు హెచ్‌ఓఏ అనుమతి తీసుకోండి. ఆ తాడు లోపల నడవడం, స్ప్రింక్లర్ నీళ్లు పెట్టడం, ఎరువు చల్లడం, కలుపు మందు కొట్టడం వద్దు. అక్కడ చైనీస్ టాలో అనే చెట్టు పిలకలు మొలిస్తే వాటిని మాత్రం చిన్నగా ఉన్నప్పుడే చేత్తో పీకేయండి, ఎదిగితే అవే నీడ పరిచి మిగతా వాటిని చంపుతాయి.

హెచ్‌ఓఏకు రాసేటప్పుడు గడ్డి కోయవద్దని అడగకండి. కోతను జూన్ దాకా ఆపమని మాత్రమే అడగండి. విత్తనం రాలిపోయాక కోత ఈ మొక్కకు హాని చేయదు, పైగా పొడవాటి గడ్డిని అదుపులో పెట్టి మేలు చేస్తుంది. ఒకప్పుడు నిప్పూ, మేసే పశువులూ చేసిన పని ఇదే. చదును చేయకపోతే మట్టికీ, గడ్డి పరుపుకూ, నీటికీ అయ్యే డబ్బు ఎంత మిగులుతుందో కాంట్రాక్టర్ అంచనా నుంచే తీసి రాయండి. మరో సంగతి, వచ్చే ఏడాది వానలు కుదరక మొక్కలు తక్కువగా కనిపించినా కంగారు పడి ఎవరినీ చదును చేయనివ్వకండి. ఏటికేడు వీటి సంఖ్య బాగా మారుతుంది.

అడిగినవారు

అక్కయ్యగారూ, వాలంటీర్ ఒకరు శనివారం వస్తానన్నారు. పొరుగాయన నిన్న సాయంత్రం మా అమ్మాయి ఇచ్చిన భూతద్దంతో చూసి, రేకులు నిజంగానే కనపడటం లేదని ఒప్పుకున్నారు. హెచ్‌ఓఏ ఉత్తరం మీద ఆయన సంతకం కూడా పెట్టిస్తున్నాను. వాలంటీర్ వచ్చి వెళ్లాక ఫలితం ఇక్కడే రాస్తాను.