చేసిన సాయం ఫోటోలు పెట్టొచ్చా? మత్తయి 5:16 ఏం చెప్తోంది?

సండేస్కూల్_అన్న
అందరికీ వందనాలు. వచ్చే ఆదివారం యూత్‌కి మత్తయి 5:14-16 చెప్పాలి, "మీరు లోకమునకు వెలుగైయున్నారు" అనే భాగం. మా యూత్ వాళ్ళు నెలకోసారి ఆసుపత్రికి వెళ్ళి రోగుల్ని పలకరించి ప్రార్థన చేసి, లేనివాళ్ళకి మందుల డబ్బులిచ్చి వస్తారు. ఆ ఫోటోలు సంఘం పేజీలో పెడుతున్నాం. ఇప్పుడు సగం మంది పెట్టాల్సిందే అంటున్నారు, సగం మంది తీసేయమంటున్నారు, ఇద్దరు అమ్మాయిలైతే ఫోటోలు తీసేట్టయితే మేము రాము అని చెప్పేశారు. నాకొచ్చిన చిక్కేంటంటే అదే కొండమీది ప్రసంగంలో 5వ అధ్యాయంలో మీ సత్‌క్రియలు మనుషులు చూడాలి అన్నాడు, 6వ అధ్యాయం మొదట్లోనే కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదు అన్నాడు. పిల్లలు ఇదే అడుగుతారు. ఏం చెప్పను?

దివిటీ
అన్నా ఇందులో చిక్కేమీ లేదు. దీపం వెలిగించి ఎవరూ కుంచం కింద పెట్టరు, దీపస్తంభం మీద పెడతారు, అది ప్రభువు చెప్పిన మాటే. ఆ రోజుల్లో పేదల ఇల్లంటే చాలావరకు ఒకటే గది, చిన్న మట్టి ప్రమిద, దాన్ని ఎత్తులో పెడితేనే ఇంట్లో అందరికీ వెలుగు. ఇవాళ మనకి ఆ దీపస్తంభం ఫోనే. ఇంకో సంగతి చూడండి. రోమా చక్రవర్తి జూలియన్ 361 నుంచి 363 దాకా ఏలాడు, పాత దేవతల పూజలు మళ్ళీ నిలబెట్టాలని కంకణం కట్టుకున్నవాడు. ఆయన గలతీయలో ఒక పూజారికి ఉత్తరం రాస్తూ, ఈ గలిలయులు (క్రైస్తవుల్ని అలా అనేవాడు) వాళ్ళ పేదల్నే కాదు మన పేదల్ని కూడా పోషిస్తున్నారు, మనకి సిగ్గుచేటు అని బాధపడ్డాడు. విరోధి చేత ఆ మాట అనిపించింది ఏంటి? కనపడిన మంచి పనే. దాచుకుని ఉంటే ఆయనకి ఎలా తెలిసేది?

ఉప్పురవ్వ
ఆమెన్ బ్రదర్.

బెరయ_77
దివిటీ గారూ, మీరు చెప్పిన జూలియన్ మాటే మీకు ఎదురు తిరుగుతోంది. ఆ క్రైస్తవులు చక్రవర్తికి ఉత్తరం రాసి మేము ఇంతమందికి అన్నం పెట్టాం చూడు అని చెప్పారా? వాళ్ళు పెట్టుకుంటూ పోయారు, చూసినవాడు చెప్పాడు. ఇక వాక్యం జాగ్రత్తగా చదవండి. 5:16లో "ప్రకాశింపనియ్యుడి" అన్నాడు, అంటే అడ్డం పెట్టకండి అని, తీసుకెళ్ళి చూపించండి అని కాదు. 6:1లో "మనుష్యులకు కనబడవలెనని" చేయొద్దు అన్నాడు. "వారియెదుట" అనే మాట రెండు చోట్లా ఉంది, తేడా అంతా ఆ "కనబడవలెనని" అన్నదాంట్లోనే ఉంది. ఫోటో తీసేది దేనికి? కనబడడానికి కాకపోతే ఇంక దేనికి?

దివిటీ
కనబడడం తప్పు కాదు బ్రదర్, ఎవరికి మహిమ రావాలని కనబడ్డామన్నదే లెక్క. 5:16 పూర్తిగా చదవండి, చివర్లో "మీ తండ్రిని మహిమపరచునట్లు" అని ఉంది. మేము ప్రతి ఫోటో కింద దేవునికే మహిమ అని రాస్తాం.

బెరయ_77
కింద దేవునికి మహిమ అని రాసి పైన మన మొహాలు పెడితే చూసేవాడు ఏది చూస్తాడు? 6:2లో ధర్మం చేస్తూ బూర ఊదించుకునేవాళ్ళు కూడా దేవుడి పేరు చెప్పే ఊదించుకుని ఉంటారు.

వార్డు_దీపం
నేను నర్సుని. మా వార్డులో ఫోటోలు తీయనివ్వం. వాక్యం దాకా ఎందుకు, మంచం మీద ఉన్న మనిషి గుట్టు ఆ మనిషిది.

ఉప్పురవ్వ
ఫాదర్ డేమియన్ సంగతి ఏమంటారు? 1873లో హవాయిలోని మొలకాయ్ ద్వీపానికి కుష్ఠురోగుల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ పుండ్లకి కట్లు కట్టి, ఇళ్ళు కట్టి, చివరికి అదే జబ్బు వచ్చి 1889లో అక్కడే చనిపోయాడు. ఆయన గురించి పత్రికల్లో రాశారు కాబట్టే దూరదేశాల నుంచి సాయం అందింది. ఎవరూ రాయకపోతే ఆ రోగులకే కదా నష్టం.

బెరయ_77
రాసింది వేరేవాళ్ళు. ఆయన పదహారేళ్ళు అక్కడే ఉండిపోయాడు, మనం పదహారు నిమిషాలుండి పదహారు ఫోటోలు తీసుకుని వస్తున్నాం. ఆ పోలిక తేవొద్దు దయచేసి.

దివిటీ
సరే నేను ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో చెప్తాను. మా నాన్న ముప్పై ఏళ్ళు ఒక ఆఫీసులో పనిచేశాడు. లంచం ముట్టలేదు, తోటివాళ్ళ పిల్లల ఫీజులు కట్టాడు, ఒకాయన తప్పు చేసి ఉద్యోగం పోయే పరిస్థితి వస్తే వెంట తిరిగి నిలబెట్టాడు, ఇవేవీ ఇంట్లో కూడా చెప్పేవాడు కాదు. ఎడమచేతికి తెలియకుండా చేయడమంటే ఏంటో నేను కళ్ళారా చూశాను. ఆయన పోయినప్పుడు ఆఫీసు నుంచి నలభై మంది దాకా వచ్చారు, అందరూ ఏడ్చారు, అందరూ మంచోడండీ అన్నారు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు కూడా ఆయన విశ్వాసి అని ఎరగడు. సమాధి దగ్గర పాస్టర్ గారిని చూసి మీరు క్రైస్తవులా అని నన్ను అడిగాడు ఒకాయన, ఇరవై ఏళ్ళు పక్క కుర్చీలో కూర్చున్న మనిషి. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మహిమ మా నాన్నకి వచ్చింది, తండ్రికి రాలేదు. మీలో ఉన్న నిరీక్షణకి, అంటే ఆశకి, కారణం అడిగేవాళ్ళకి సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమని 1 పేతురు 3:15లో ఉంది. మా నాన్నని ఎవరూ అడగలేదు ఎందుకంటే ఆయన అడిగే సందు ఇవ్వలేదు.

బెరయ_77
రహస్యంగా చూసే తండ్రి ప్రతిఫలమిస్తాడని వాక్యం ఉంది. మీ నాన్నగారికి అది చాలింది, మీకు చాలట్లేదు.

దివిటీ
మా నాన్న జోలికి రావద్దు. ఆయనకి ఏం చాలిందో మీకెలా తెలుసు. నేను బాధ చెప్పుకుంటే దాని మీద వచనం విసురుతారా, ఇదా మీరు నేర్చుకున్న వెలుగు?

బెరయ_77
వచనం చెప్పాను, విసరలేదు. మీరే మీ నాన్నగారిని చర్చలోకి తెచ్చారు.

మోడరేటర్
బ్రదర్స్ ఇద్దరూ ఆగండి. ఇంట్లోవాళ్ళ గురించి మాట వస్తే టాపిక్ మూసేస్తాను.

నిశ్శబ్ద_పాఠకురాలు
నేను ఇక్కడ చదవడమే గానీ రాయను. ఇవాళ రాయకుండా ఉండలేకపోతున్నా. ఆ ఫోటోల్లో ఉండే మనిషిని నేను. మా ఆయన కిడ్నీలు పాడై ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక సంఘం నుంచి ఎనిమిది మంది వచ్చారు, ప్రార్థన చేశారు, కవరు ఇచ్చారు, ఇచ్చాక మళ్ళీ ఒకసారి పట్టుకోమ్మా ఫోటో సరిగా రాలేదు అన్నారు. పట్టుకున్నాను. డబ్బు అవసరం, వద్దు అనే నోరు నాకెక్కడిది. మర్నాటికి ఆ ఫోటో మా పాప క్లాసు పిల్లల ఫోన్లలో ఉంది. పాప వారం రోజులు స్కూలుకి పోనంది. ఆ డబ్బు మాకు ఉపయోగపడింది, అది అబద్ధం చెప్పను, కానీ ఆ కవరు తలుచుకుంటే ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది.

అదే సంఘం నుంచి ఒకావిడ విడిగా వచ్చింది. రాత్రి తొమ్మిదికి వచ్చి నువ్వు పడుకో అమ్మా నేను చూసుకుంటా అనేది, తెల్లవారి వెళ్ళిపోయేది. పదకొండు రాత్రులు. బెడ్‌పాన్ కూడా తనే తీసేది. చివరి రాత్రి నేనే అడిగాను ఎందుకు చేస్తున్నావక్కా మేము నీకేమవుతాం అని. అప్పుడు యేసు గురించి ఒక పది నిమిషాలు చెప్పింది, అంతే. ఇవాళ నేను విశ్వాసినంటే ఆవిడ వల్లే. మీ ఇద్దరి మాటలూ చదివాను, ఇచ్చినవాడికి పేరొస్తుందా దేవుడికి మహిమ వస్తుందా అనే కొట్లాడుకుంటున్నారు. తీసుకున్నవాళ్ళం మేము ఒకళ్ళం ఉన్నామని మీలో ఒక్కరికీ, ఆ నర్సు గారికి తప్ప, గుర్తు రాలేదు. ఇంట్లో దీపం పెడితే కాలికి తోవ కనపడాలి, దాన్ని తెచ్చి కళ్ళలోకి పెడితే ఎవరైనా కళ్ళు మూసుకుంటారు.

సండేస్కూల్_అన్న
అక్కా క్షమించండి. పేజీలోంచి ఫోటోలన్నీ ఇప్పుడే తీసేశాను.

దివిటీ
అక్కా, మా సంఘంలో ఫోటోలు తీసేది నేనే. అందరినీ అడిగే తీశాం అనుకునేవాణ్ణి. కవరు చేతిలో పెట్టి అడిగితే ఎవరు వద్దంటారన్నది నాకు తట్టలేదు, తప్పే. ఇంక తీయను. కానీ ఒకటి చూడండి, ఆవిడ నోరు తెరిచి చెప్పింది కదా. పదకొండు రాత్రులు చేసి ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయుంటే మీకు ఆవిడ మంచిదే అయ్యేది, మా నాన్న లాగా. ఫోటో సంగతి వదిలేశాను, ఇది మాత్రం వదలను.

బెరయ_77
దివిటీ గారూ ముందు మీ నాన్నగారి విషయంలో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, మొరటుగా అన్నాను. నా గోడు కూడా చెప్తాను. నేను నాలుగేళ్ళు ఒక పరిచర్యలో పనిచేశాను, సంఘం పేరు అనవసరం. నెలాఖరుకి ఒక ఫారం నింపాలి, ఎన్ని ఇళ్ళకి సాయం చేశాం, ఎంతమంది విన్నారు, ఎంతమంది నమ్ముతామని చెయ్యెత్తారు. ఒక ముసలాయనకి రెండేళ్ళు మందులిచ్చాం, ఆయన ప్రార్థనకి రాను అన్నాడు, మూడో ఏడు ఆయన పేరు జాబితాలోంచి తీసేయమన్నారు. తీసింది నేనే, నా చేత్తో. అప్పట్నుంచి సాయం వెనక ఏదైనా ఆశించడం కనిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నా గొడవ ఫోటోతో కాదని ఇప్పుడు రాస్తుంటే నాకే తెలుస్తోంది. వాళ్ళు ఎప్పటికీ నమ్మకపోయినా చేస్తామా లేదా అన్నదే నా ప్రశ్న. లూకా 17లో పదిమంది కుష్ఠురోగుల్ని బాగుచేశాడు, ఒక్కడే తిరిగొచ్చాడు. మిగతా తొమ్మిది మందికి ఇచ్చిన స్వస్థత వెనక్కి తీసుకోలేదు.

దివిటీ
తీసుకోలేదు, కానీ "ఆ తొమ్మండుగురు ఎక్కడ?" అని అడిగాడు కూడా. ఆయనకి వాళ్ళు రావాలని ఉంది. ముసలాయన పేరు తీసేయడం ఘోరం, అందులో మీతోనే ఉన్నాను. కానీ నాకు ఇష్టమైనవాడు నాకు ఇష్టమైన ప్రభువు దగ్గరికి రావాలని కోరుకోవడం కూడా ఎర వేయడమేనంటే ఒప్పుకోను. ఆ కోరిక లేనట్టు నటిస్తే అదే మోసం.

బెరయ_77
కోరుకోండి. కానీ మీ కోరిక తీరే దారి అవతలివాడి మందుల సీసా మీదుగా పోకూడదు. ఆ తొమ్మిది మంది ఎక్కడ అని అడిగింది వాళ్ళు వెళ్ళిపోయాక, బాగుచేయకముందు కాదు.

వార్డు_దీపం
ఆ ముసలాయన తర్వాత ఏమయ్యాడు?

బెరయ_77
తెలీదు అమ్మా. వెళ్ళి చూసే మొహం లేకపోయింది. ఈ వారం వెళ్తాను.

ఉప్పురవ్వ
వెళ్ళండి బ్రదర్. మందులకి ఏమైనా కావాలంటే నాకు విడిగా రాయండి.

సండేస్కూల్_అన్న
ఆదివారం మత్తయితో పాటు లూకా 17 కూడా చెప్తాను, పిల్లలు నన్ను గట్టిగానే నిలదీస్తారు. నిశ్శబ్ద అక్కా, మీరు రాసింది మీ వివరాలేవీ లేకుండా వాళ్ళకి చెప్పొచ్చా?

నిశ్శబ్ద_పాఠకురాలు
చెప్పండి. ఎనిమిది మంది వచ్చిన సంగతి కూడా చెప్పండి, వాళ్ళు చెడ్డవాళ్ళు కాదని కూడా చెప్పండి. ఆవిడ ఎవరని అడిగితే మాత్రం నాకు రాయకండి, ఆవిడకి ఇష్టం ఉండదు.