‘నోదరస్థా హరీతకీ’: ఈ పాదానికి అర్థం ఎంతవరకు?

ప్రశ్న: మా బంధువుల వాట్సాప్ బృందంలో ఈ శ్లోకం తిరుగుతోంది.

హరీతకీ మనుష్యాణాం మాతేవ హితకారిణీ
కదాచిత్ కుప్యతే మాతా నోదరస్థా హరీతకీ

దీని కింద, ‘పేగుల్లోని బాక్టీరియా కరక్కాయను క్యాన్సర్ మందుగా మారుస్తుందని ఉదరస్థా అనే మాటతో మన పెద్దలు ఏనాడో చెప్పారు’ అని రాశారు. ఆ అర్థం వస్తుందా అండి?

జవాబు: రాదండి. ‘న’, ‘ఉదరస్థా’ గుణసంధితో కలిసి ‘నోదరస్థా’ అయింది. ఉదరస్థా అంటే కడుపులో ఉన్నది, అంతే. మార్పు అనే భావం ఆ విశేషణంలో లేదు. ‘కరక్కాయ మనుషులకు తల్లిలా మేలు చేస్తుంది. తల్లికైనా ఎప్పుడో ఒకప్పుడు కోపం వస్తుంది గానీ, కడుపులో ఉన్న కరక్కాయకు రాదు’ అని తాత్పర్యం.

అసలు సొగసు ‘కుప్యతే’లో ఉంది. కుప్ ధాతువు పరస్మైపది, అంటే ‘తి’ ప్రత్యయం చేరేది, కాబట్టి ‘కుప్యతి’ అనాలి. కానీ ఈ శ్లోకం ఛందస్సైన అనుష్టుప్పులో ఆరో అక్షరం గురువు కావాలి, అందుకే ‘తే’ వచ్చింది. వైద్యంలో వాతప్రకోపం, పిత్తప్రకోపం అంటామే, ఆ ప్రకోపమూ ఈ ధాతువు నుంచే. తల్లి కోపం, దోషాల కోపం రెండూ ఒకే క్రియలో వినిపిస్తాయి. పైగా బిడ్డను కడుపులో మోసేది తల్లి. ఇక్కడ తల్లివంటిదే బిడ్డ కడుపులోకి చేరింది. ఇంత చక్కని శ్లోకానికి లేని అర్థం అంటగడితే ఉన్న అందం కనబడకుండా పోతుంది.

ఇక పేగుల్లోని బాక్టీరియా కరక్కాయలోని పదార్థాలను మారుస్తుందన్న సంగతి మాత్రం నిజమే, శ్లోకంతో సంబంధం లేకుండానే నిజం. కరక్కాయ వగరుకు కారణం టానిన్లు. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపేదీ వాటి కోసమే. ఇనుముతో చేసిన రంగు తగలగానే నలుపు తేలుతుంది. ఈ టానిన్లలో చెబులాజిక్ ఆమ్లం వంటి పెద్ద అణువులు పేగు గోడ దాటి రక్తంలోకి పెద్దగా వెళ్లలేవు. అవి విడిపోగా వచ్చే ఎల్లాజిక్ ఆమ్లాన్ని పెద్దపేగులోని సూక్ష్మజీవులు అంచెలంచెలుగా యూరోలిథిన్లు అనే పదార్థాలుగా మారుస్తాయి. దానిమ్మలోని టానిన్లకూ ఇదే దారి. ఈ పని చేసే ఒక బాక్టీరియాకు 2014లో గోర్డోనిబాక్టర్ యూరోలిథిన్‌ఫేసియెన్స్ అని పేరు పెట్టారు. అది అందరి పేగుల్లో ఒకేలా ఉండదు. ఒకే కాయ తిన్నా కొందరిలో యూరోలిథిన్ ఎ ఎక్కువగా తయారవుతుంది, కొందరిలో అసలు కాదు.

యూరోలిథిన్ ఎ ప్రయోగశాలలో పెద్దపేగు, ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల పెరుగుదలను తగ్గించింది. అయితే ఆ గాజు పాత్రల్లో వాడిన మోతాదు సాధారణంగా మన రక్తంలో చేరేదానికంటే ఎక్కువ. రక్తంలో అది చాలావరకు గ్లూక్యురోనిక్ ఆమ్లంతో జతకట్టి, చురుకు తగ్గిన రూపంలో తిరుగుతుంది. కరక్కాయ తింటే క్యాన్సర్ నయమవుతుందని మనుషుల్లో రుజువు కాలేదు. మీ బృందంలో ఎవరైనా ఆ సందేశం నమ్మి చికిత్స ఆపేస్తారేమోనని నాకు నిజంగా భయంగా ఉంది. దయచేసి ఈ మాట అక్కడ రాయండి.

మరో ప్రశ్న: అయితే ఈ మార్పును ఆయుర్వేదంలోని ‘విపాకం’ అనవచ్చా?

జవాబు: అనకపోవడమే మంచిది. విపాకం అంటే జీర్ణమయ్యాక ద్రవ్యం పొందే గుణం. మధురం, ఆమ్లం, కటువు అని సాధారణంగా మూడు చెబుతారు. కరక్కాయకు మధుర విపాకం అన్నారు. అది శాస్త్రపరిభాష, దాని లెక్క వేరు. ‘పేగు సూక్ష్మజీవులు మార్చిన పదార్థం’ అంటే పొడుగైనా అందరికీ తెలుస్తుంది. ఉదాహరణ కావాలంటే సునాముఖి ఆకు చెప్పండి. అందులోని సెన్నోసైడ్లు పెద్దపేగులో బాక్టీరియా విడగొట్టాకే విరేచనకారిగా పనిచేస్తాయి. ఆ సంగతి బాగా రుజువైనది.