ఫ్లూ టీకాలోని వైరస్ రకాల ఎంపికను ఇంకా ఆలస్యంగా చేస్తే మంచిదా?

ప్రశ్న వేసిన సభ్యుడు:
ఉత్తరార్ధగోళంలో రాబోయే చలికాలానికి ఫ్లూ టీకాలో ఏ రకాలు ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరిలోనే చెబుతుంది. 2014 ఫిబ్రవరిలో హెచ్3ఎన్2 అనే ఫ్లూ వైరస్ కోసం టెక్సస్ 2012 రకాన్ని ఎంచుకుంటే, టీకా తయారవుతున్న నెలల్లోనే వైరస్ మారిపోయింది. ఆ సీజన్‌లో అమెరికాలో, ఫ్లూ వచ్చి వైద్యుల దగ్గరికి వెళ్లాల్సిన అవసరాన్ని ఆ టీకా 19 శాతమే తగ్గించగలిగింది. ఎంపికను జూన్ దాకా ఆపకూడదా?

మొదటి సమాధానం:
మీ బాధ న్యాయమైనదే. కానీ ఆపి చూడటం ఒకసారి జరిగింది. 2019లో హెచ్3ఎన్2 ఎంపికను మార్చి 21 దాకా వాయిదా వేసి, అప్పుడు అమెరికాలో పెరుగుతున్న ఆ వైరస్ శాఖ నుంచి కాన్సస్ 2017 రకాన్ని తీసుకున్నారు. తీరా చలికాలం వచ్చేసరికి అక్కడ హెచ్3ఎన్2లలో ఎక్కువగా కనిపించినవి వేరే శాఖవి.

పైగా ఎంపిక సరిగ్గా కుదిరినా చిక్కు తీరదు. 2014 తర్వాత వ్యాపించిన హెచ్3ఎన్2 పైభాగంలోని హీమాగ్లుటినిన్ ప్రోటీన్‌కు, 160వ స్థానంలో వచ్చిన మార్పు వల్ల కొత్తగా ఒక చక్కెర గొలుసు అతుక్కుంది. టీకా తయారీకి ఆ వైరస్‌ను కోడిగుడ్లలో పెంచినప్పుడు, గుడ్డులోని కణాలకు అలవాటుపడే క్రమంలో అది ఆ గొలుసును పోగొట్టుకుంది. అంటే బయట తిరిగే వైరస్ ఒకలా, టీకాలోనిది మరొకలా ఉన్నాయి. టీకా పుట్టించిన యాంటీబాడీలు అసలు వైరస్‌కు సరిగా అతుక్కోలేకపోయాయి. ఈ తప్పును క్యాలెండర్ దిద్దలేదు.

మీరు చెప్పిన 2014–15 సీజన్‌లోనే, 50 ఏళ్లు దాటిన సుమారు 9,000 మందిపై ఒక పరీక్ష జరిగింది. గుడ్లు లేకుండా, హీమాగ్లుటినిన్‌ను మాత్రమే కీటక కణాల్లో తయారుచేసిన టీకా వేసుకున్నవారిలో, గుడ్ల టీకా వేసుకున్నవారికన్నా ఫ్లూ 30 శాతం తక్కువగా వచ్చింది. రెండింటిలోనూ ఉన్నది అదే పాత టెక్సస్ రకమని గమనించండి.

ప్రశ్న వేసిన సభ్యుడు:
ఆ కొత్త టీకాలో ఒక్కో రకానికి 45 మైక్రోగ్రాముల ప్రోటీన్ ఉంది, గుడ్ల టీకాలో 15 మాత్రమే. మేలు జరిగింది గుడ్డును వదిలినందుకా, మోతాదు మూడింతలు చేసినందుకా? ఇది తేలకుండా తేదీ సంగతిని పక్కన పెట్టలేం.

మొదటి సమాధానం ఇచ్చినవారు:
మోతాదు గురించి మీరన్నది నిజమే. ఆ పరీక్ష రెండింటినీ విడదీసి చూపలేదు. అయితే ఆ రెండింటిలో ఏది కారణమైనా, మేలు జరిగింది తేదీ మార్చినందుకు మాత్రం కాదు. గుడ్లలో టీకా తయారుచేసి, పరీక్షించి, పంపడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. ఆ పద్ధతిని అలాగే ఉంచి ఎంపికను జూన్‌కు జరిపితే, అక్టోబరులో టీకా కోసం వచ్చే పెద్దవాళ్లకు డిసెంబరు దాకా ఆగమని చెప్పాల్సి వస్తుంది, అప్పటికే ఊళ్లో ఫ్లూ తిరుగుతూ ఉండవచ్చు. ముందు తయారీని వేగవంతం చేయాలి. ఆ తర్వాత జూన్ గురించి మీతో కలిసి నేనూ అడుగుతాను.