రోజంతా ఛార్జింగ్‌లోనే ఉండే ల్యాప్‌టాప్: బ్యాటరీ సామర్థ్యం ఎందుకు తగ్గింది?

ప్రశ్న:
నా పనంతా బల్ల దగ్గరే కనుక ఉదయం తగిలించిన ఛార్జర్‌ను రాత్రి వరకు తీయను. ల్యాప్‌టాప్ కొని రెండేళ్లయింది. మొన్న విండోస్‌లో బ్యాటరీ రిపోర్టు తీసి చూస్తే, మొదట 50,000 మిల్లీవాట్ అవర్లుగా ఉన్న సామర్థ్యం 38,500కు పడిపోయింది, అంటే 23 శాతం పోయింది. దాదాపు వాడనే వాడని బ్యాటరీ ఇంతగా ఎలా అరిగింది? నెలకొకసారి సున్నాకు దింపి మళ్లీ నింపితే కోలుకుంటుందని ఒక మిత్రుడు అంటున్నారు. అది నిజమేనా?

మొదటి సమాధానం:
ఛార్జర్ తగిలించి ఉంచడమే తప్పు కాదండీ. బ్యాటరీ నిండగానే లోపలి సర్క్యూట్ ఛార్జింగ్‌ను ఆపేస్తుంది. ఆపైన యంత్రం అడాప్టర్ మీదే నడుస్తుంది. అసలు హాని బ్యాటరీ ఎప్పుడూ నిండుగా, వేడిగా ఉండిపోవడం వల్ల కలుగుతుంది. నిండిన లిథియం అయాన్ సెల్‌లో వోల్టేజీ సాధారణంగా 4.2 వోల్టుల వరకు ఉంటుంది. ఆ స్థితిలో, ప్రాసెసర్ వేడి కూడా తగులుతూ నెలల తరబడి ఉన్నప్పుడు, లోపలి ఎలక్ట్రోలైట్ (అయాన్లు ప్రయాణించే ద్రవం) నెమ్మదిగా విచ్ఛిన్నమై ఎలక్ట్రోడ్లపై పొరగా పేరుకుంటుంది, ఆ పొరలో కొంత లిథియం శాశ్వతంగా చిక్కుకుపోతుంది. వాడకపోయినా మీ బ్యాటరీ అరగడానికి ఎక్కువగా ఇదే కారణమై ఉంటుంది. కాబట్టి ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగును ఈరోజే పెట్టుకోండి. లెనోవో వారి వాంటేజ్ యాప్‌లో కన్జర్వేషన్ మోడ్ అనీ, మరికొన్ని కంపెనీల యాప్‌లలోనో బయోస్‌లోనో (యంత్రం ఆన్ అవుతున్నప్పుడు తెరవగల సెట్టింగుల్లో) వేరే పేర్లతోనూ ఇది కనిపిస్తుంది. లినక్స్ వాడేవారికి, యంత్రం అనుమతిస్తే, టీఎల్‌పీ అనే విద్యుత్ పొదుపు ప్రోగ్రామ్ ద్వారా ఆ పరిమితి పెట్టుకునే వీలుంది.

రెండవ సమాధానం:
మీ మిత్రుడి సలహా పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. వాటిని పూర్తిగా వాడకుండా పదేపదే నింపితే మెమరీ ఎఫెక్ట్ అనే సమస్య, అంటే సామర్థ్యం తగ్గినట్టు కనిపించడం, వచ్చేది. లిథియం అయాన్‌కు ఆ ఇబ్బంది లేదు సరికదా, తరచూ సున్నాకు దింపడం దానికి మరింత శ్రమ. తెరపై చూపే శాతం నమ్మశక్యంగా లేనప్పుడు, ఉదాహరణకు 30 శాతం దగ్గర హఠాత్తుగా ఆగిపోతున్నప్పుడు, ఒకసారి దించి నింపితే ఆ లెక్క సరిపడుతుంది. పోయిన సామర్థ్యం మాత్రం తిరిగి రాదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. 80 శాతం పరిమితి పెట్టాను. ప్రయాణమప్పుడు దాన్ని తీసేయవచ్చా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
తప్పకుండా తీసేయండి. బయలుదేరే ముందు 100 వరకు నింపి వెంటనే వాడుకుంటే చెప్పుకోదగ్గ నష్టం లేదు. తిరిగి వచ్చాక పరిమితిని మళ్లీ పెట్టడం మాత్రం మరవకండి. ఒక్క జాగ్రత్త: టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టో, అడుగుభాగం ఉబ్బినట్టో అనిపిస్తే ఏ సెట్టింగూ పనికిరాదు, ఛార్జింగ్ ఆపి, యంత్రాన్ని ఆఫ్ చేసి, బ్యాటరీని మార్పించండి.