టీకా వేసుకున్నాక కూడా వైరస్ అంటిస్తామా?

గోదారిగట్టు:
మా అమ్మకు డయాలసిస్ నడుస్తోంది. తమ్ముడికి కోవిడ్ పాజిటివ్ వచ్చి ఇవాళ్టికి నాలుగు రోజులు. 'నేను టీకా వేసుకున్నాగా, నా నుంచి అంటదు' అంటూ అమ్మ పక్కన కూర్చుని అన్నం పెడతానంటున్నాడు. నాకు నమ్మకం లేదు. 2021 జులైలో అమెరికాలోని ప్రావిన్స్‌టౌన్‌లో డెల్టా రకం వైరస్ పాకినప్పుడు మసాచుసెట్స్ వాసులు 469 మందికి సోకింది, అందులో 74 శాతం టీకా పూర్తయినవాళ్లే. వేసుకున్నా వేసుకోకపోయినా ముక్కులో వైరస్ దాదాపు ఒకే స్థాయి. ఇక టీకా వల్ల పక్కవాళ్లకు ఒరిగిందేంటి?

ల్యాబ్‌కోటు:
74 శాతం చూసి కంగారు పడకండి. ఆ రాష్ట్రంలో అర్హుల్లో 69 శాతం అప్పటికే వేసుకున్నారు, కేసుల్లోనూ వాళ్లే ఎక్కువుంటారు. ముక్కులో వైరస్ ఒకే స్థాయి అన్నది సీటీ వాల్యూ అనే నంబరు చూసి, అసలు తిరకాసు అందులోనే ఉంది. నేను కోవిడ్ టెస్టు చేసే పీసీఆర్ మెషీన్ దగ్గర పనిచేశాను. స్వాబ్‌లోని ఆర్‌ఎన్‌ఏ, అంటే వైరస్ జన్యు పదార్థం, స్క్రీన్ మీద గీతగా పైకి లేవడానికి ఎన్ని సైకిళ్లు (దాన్ని రెట్టింపు చేసే విడతలు) పట్టాయో చెప్పేదే ఆ నంబరు. 20 అయితే సరుకు ఎక్కువ, 35 అయితే తక్కువ. అది బతికున్న వైరస్‌దా, చచ్చినదాని ముక్కలా అన్నది మెషీన్‌కు తెలీదు. ల్యాబ్‌లో కణాల మీద వైరస్‌ను పెంచి చూడాల్సిందే. నెదర్లాండ్స్‌లో ఆరోగ్య సిబ్బంది స్వాబ్‌లు అలా పెంచితే, వేసుకోనివాళ్ల స్వాబ్‌లలో 85 శాతంలో, వేసుకున్నవాళ్లవాటిలో 69 శాతంలో వైరస్ పెరిగింది.

హన్మకొండ:
అన్నా, ఆ వేసుకోనివాళ్లకు సోకింది పాత రకం, వేసుకున్నవాళ్లకు ఎక్కువగా డెల్టా. పోలిక ఎట్ల కుదురుతుంది? బ్రిటన్‌లో ఇళ్లల్ల చూస్తే, వైరస్ తెచ్చినోళ్లు టీకా వేసుకున్నా ఇంట్ల ఉన్నోళ్లల్ల 25 శాతం మందికి అంటింది, వేసుకోకున్నా 23 శాతమే.

ల్యాబ్‌కోటు:
పోలిక సరిగ్గా లేదన్నది ఒప్పుకుంటాను. ఒకే కప్పు కింద రోజంతా ఉంటే టీకా పెద్దగా అడ్డుకోలేదన్నదీ నిజమే. చేతికి వేసే టీకాతో రక్తంలో యాంటీబాడీలు బాగా వస్తాయి, ముక్కు లోపలి పొరలో అంతగా రావు. హైదరాబాద్ భారత్ బయోటెక్ ముక్కులో వేసే టీకా చేసింది అందుకే. కానీ రోజుల లెక్క మరిచిపోవద్దు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ వాళ్లకు పదేపదే టెస్టులు చేస్తే, తారస్థాయికి చేరిన వైరస్ పోవడానికి వేసుకున్నవాళ్లకు సగటున 5.5 రోజులు, వేసుకోనివాళ్లకు 7.5 రోజులు పట్టింది. నా దృష్టిలో ఆ రెండు రోజులు చిన్నవి కావు.

గోదారిగట్టు:
అంటే నాలుగో రోజుకి వాడు ఇంకా అంటించగలడన్నమాటే కదా?

ల్యాబ్‌కోటు:
అవునండీ. కనీసం ఇంకో వారం అమ్మకు అన్నం మీరే పెట్టండి. తమ్ముణ్ని వేరే గదిలో, కిటికీ తీసి పడుకోమనండి. డయాలసిస్ సెంటర్‌కు ముందే ఫోన్ చేసి ఇంట్లో పాజిటివ్ ఉందని చెప్పండి.