చేతకాదనిపించే పనిని దేవుడి మీద భారమేసి ఒప్పుకోవచ్చా, నేర్చుకున్నాకే ఒప్పుకోవాలా?

కావలి చెల్లి:
అందరికీ వందనాలు. మాది కావలి దగ్గర పల్లెటూరు, ఇంటర్ దాకా చదివా, ఇంట్లోనే బ్లౌజులు కుడతా. మా సంఘంలో యూత్ క్లాసు చెప్పే అక్క పెళ్లయి బెంగుళూరు వెళ్లిపోయింది, ఇప్పుడు ఆ క్లాసు నన్ను తీసుకోమంటున్నారు పాస్టరయ్య. ఆ పిల్లల్లో సగం మంది బీటెక్, డిగ్రీ చదివేవాళ్లు. పోయిన వారం నేను ఊరికే వాళ్ల దగ్గర కూర్చోనుంటే ఒకబ్బాయి "దేవుడు మంచోడైతే యోబు పిల్లల్ని ఎందుకు చావనిచ్చాడక్కా" అన్నాడు. (యోబంటే బైబిల్లో, తప్పు చేయకుండానే పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న భక్తుడు.) నాకు మాట రాలా, చేతిలో బైబిలు పేజీలు అటూ ఇటూ తిప్పతా ఉండా గానీ ఏ వచనం చదవాలో తెలీలా. మా ఆయనేమో దేవుడు పిలిస్తే మాటలు కూడా ఆయనే ఇస్తాడు, ఒప్పుకో అంటాడు. మా అన్నేమో "రాని పనికి సరేనని దేవుడి మీద పెట్టడం విశ్వాసం కాదమ్మే, దేవుణ్ణి పరీక్షించడం" అంటాడు. ఇద్దరూ వాక్యం తెలిసినోళ్లే. ఎవరి మాట వినాలి? ఆదివారం లోపల పాస్టరయ్యకి చెప్పాల. (ఆడవాళ్లు బోధించొచ్చా లేదా అనే గొడవ ఇక్కడొద్దు, మా సంఘంలో దానికి అభ్యంతరం లేదు.)

కందుకూరు బ్రదర్:
ఒప్పుకో చెల్లెమ్మా, ఇందులో ఇంత ఆలోచించేదేముంది. మోషే నాకు నోరు తిరగదన్నాడు, యిర్మీయా నేను చిన్నపిల్లాణ్ణన్నాడు, గిద్యోను మాది మనష్షే గోత్రంలో లెక్కలోకి రాని ఇల్లు, మా ఇంట్లో కూడా నేనే చిన్నోణ్ణన్నాడు. ఒక్కరికైనా దేవుడు సరేలే ఇంకొకర్ని చూసుకుంటా అన్నాడా? ముల్లులాంటి బాధ తీసెయ్యమని వేడుకున్న పౌలుకి "నా కృప నీకు చాలును" అని చెప్పింది ఆ ముల్లు తీసేశాక కాదు, ముల్లు ఒంట్లో ఉండంగానే. నాకు అన్నీ వచ్చు అనుకునేవాళ్లతోనే సంఘాలకి ప్రమాదం, నీలాగా భయపడేవాళ్లతో కాదు.

ఒంగోలు మాస్టారు:
తమ్ముడూ, నువ్వు చెప్పిన వచనాలన్నీ నిజమే, కానీ యాకోబు పత్రిక 3:1 కూడా చదవాలి గదా. మీలో అనేకులు బోధకులు కావద్దు, బోధించేవాళ్లకి తీర్పు ఇంకా కఠినంగా ఉంటుందని రాసుంది. మాకు బాగా తెలిసిన ఒక ఇంట్లో పసిబిడ్డ పోయింది. ఓదార్పు కూటానికి వచ్చిన ఒక కుర్రాడు ఏమీ సిద్ధపడకుండా, ఆత్మ ఏది చెప్పిస్తే అది చెప్తానని లేచి, మీ ఇంట్లో విశ్వాసం తగ్గినందుకే ఇట్టా జరిగింది అనేశాడు. ఆ తల్లి కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది, ఆ తర్వాత ఆమె గుడి గడప తొక్కలేదు. ఆ కుర్రాడికి మాత్రం తానేం చేశాడో ఈరోజుకీ తెలీదు. మోషే పేరు చెప్పేటప్పుడు అపొస్తలుల కార్యములు 7:22 కూడా చూడండి, ఐగుప్తు విద్యలన్నీ నేర్చినవాడు, మాటల్లో కార్యాల్లో ప్రవీణుడు అని స్తెఫను చెప్పింది ఆ మోషే గురించే. గొల్యాతు మీదికి పోయేటప్పుడు దావీదు సౌలు రాజు కవచం వాడుక లేదని విప్పేశాడు, మరి ఒడిసెల? అది గొర్రెల దగ్గర చేతికి అలవాటైన పని. ముందు నేర్చుకోమ్మా, ఒక ఏడాది తర్వాత తీసుకుంటే దేవుడేం కాదనడు.

కందుకూరు బ్రదర్:
మాస్టారూ, ఆ తల్లి సంగతి చదివి చానా బాధపడ్డా. కానీ ఆ కుర్రాడు చేసింది దేవుడి మీద ఆనుకోవడం కాదండీ, తన మీద తనకున్న ధీమాకి ఆత్మ పేరు పెట్టుకున్నాడు. ఈ చెల్లెమ్మ వణకతా ఉంది, ఇద్దర్నీ ఒకటే లెక్కన చూస్తే ఎట్టా? ఏడాది ఆగమంటున్నారు, ఈలోపల ఆ పిల్లలకి ఎవరు చెప్తారు? ఐగుప్తు విద్యలు నేర్చిన మోషే కూడా 80 ఏళ్ల వయసులో నా వల్ల కాదనే అన్నాడు. చదువుకున్నా ఆ భయం పోలేదు గదా!

సింగరాయకొండ అక్క:
మీ ఇద్దరిదీ చదివినాక రాయకుండా ఉండలేకపోయా. మన ఒంగోలు సంగతే తీసుకోండి. నెల్లూరులో 1840లో మొదలైన బాప్టిస్టు మిషన్‌ని, ఫలితం లేదు మూసేద్దామా అని 1853లో అమెరికాలో వాళ్ల పెద్దలు చర్చించుకునే దాకా వచ్చింది. ఆ తర్వాత 1854 జనవరి 1 తెల్లారగట్ల ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేసింది ఆ మిషన్‌లో మిషనరీ జ్యూయెట్ దొర దంపతులు, వాళ్లతోపాటు ముగ్గురు తెలుగు విశ్వాసులు, అంతే. అక్కడికి ఇంకో అమెరికా మిషనరీ క్లౌ దొర కాపురానికొచ్చింది 1866లో. పన్నెండేళ్లు! ఇదంతా కందుకూరు తమ్ముడి వైపు మాట అనిపిస్తది, నిజమే, వాళ్ల చేతిలో ఏమీ లేదు, ఆయన్నే అడిగారు.

కానీ తర్వాత జరిగింది కూడా చూడాల. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకున్నారు, ఆకలితో వచ్చిన జనానికి కూలి దొరకాలని. ఆయన అంతకుముందు అమెరికాలో సర్వే పని నేర్చినవాడు, కాలవ కొలతలు ఆయనకి కొత్త కాదు. ఎప్పుడో పొట్టకూటికి నేర్చిన పనిని దేవుడు కరువులో వాడుకున్నాడు. కూడు కోసం మతంలోకి వచ్చారనే మాట పడకూడదని కరువు పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి, నీళ్లలోకి దిగి ఇచ్చింది మన తెలుగు బోధకులే. ఆ తరం బోధకుల్లో మొదట చెప్పుకోవాల్సిన యెర్రగుంట్ల పేరయ్య గారు తోళ్ల వ్యాపారం చేసుకునే మనిషి, ఏలూరు వైపు బేరానికి పోయి సువార్త విన్నారు. ఆయన్ని చదువుకున్నాక రా అని ఎవరూ ఆపలా. అట్టాగని బోధకుల్ని గాలికొదిలేయలా, 1870ల్లోనే రామాయపట్నంలో వాళ్లకోసం సెమినరీ, అంటే బోధకులకి వాక్యం నేర్పే బడి, పెట్టారు. పంపించారు, నేర్పించారు, రెండూ చేశారు. మనం ఎందుకు ఒకదాన్నే పట్టుకుని కొట్టుకోవాలి?

చెల్లెమ్మా, నాకు తెలిసింది ఒకటి చెప్తా. నిర్గమకాండం 4వ అధ్యాయంలో మోషే ఇంకెవర్నైనా పంపు ప్రభువా అన్నప్పుడు దేవుడికి కోపం వచ్చిన మాట నిజం, కానీ అదే మాటలో నీ అన్న అహరోను ఉన్నాడు గదా అన్నాడు. భయపడేవాడికి తోడు ఇచ్చి పంపాడు. నువ్వు కూడా పాస్టరయ్యని తోడు అడుగు, ఒంటరిగా ఒప్పుకోబాక. దేవుడి మీద ఆనుకోవడం ఆదివారం పొద్దున లేచి నిలబడినప్పుడు మొదలయ్యేది కాదు, బుధవారం రాత్రి కుట్టు మిషను మూసేసి, అర్థం కాని అధ్యాయం ముందు పెట్టుకుని ప్రభువా నాకిది తెలీడంలా అని కూర్చుంటావే, అక్కడ. పిల్లలు అడిగింది తెలీకపోతే "తెలీదు నాయనా, వచ్చే వారం చెప్తా" అను. ఆ మాట అనలేకనే మాస్టారు చెప్పిన కుర్రాడు ఆ ఇంట్లో అంత మాటన్నాడని నాకనిపిస్తది.

కనిగిరి నుంచి:
అందరూ పిలుపు పిలుపు అంటున్నారు. ఎవరూ దొరక్క పాస్టరయ్య మొహమాటపెడితే అది కూడా దేవుడి పిలుపేనా? మా సంఘంలో కాదనలేక పాట, క్లాసు, స్త్రీల కూటం అన్నీ నెత్తినేసుకుని ఒకామె చివరికి జబ్బుపడింది. నా వల్ల కాదు, నేను లేకపోయినా దేవుడు తన పని ఆపుకోడు అని నమ్మి కాదనడం కూడా ఆయన మీద ఆనుకోవడమే. ఇది కూడా ఎవరైనా చెప్పాల గదా.

సింగరాయకొండ అక్క:
నిజం బ్రదర్, ఒప్పుకుంటా. మోషే మామ యిత్రో కూడా మోషేతో అదే అన్నాడు, ఇది నీవొక్కడివే మోయలేవు అని.

కావలి చెల్లి:
అందరికీ థ్యాంక్స్. నిన్న పాస్టరయ్యతో మాట్లాడా. ఇంకో మనిషి తోడుంటేనే తీసుకుంటానని చెప్పా, మా సంఘంలో రిటైరైన నర్సమ్మ ఒకామె ఉండాది, ఆమె కూడా కూర్చుంటానంది. మూడు నెలలు చూసి, కాకపోతే మొహమాటం లేకుండా చెప్పమన్నారు. మా అన్న ఇంకా ఒప్పుకోలా, కానీ తన దగ్గరున్న బైబిలు నిఘంటువు మాత్రం తెచ్చి ఇచ్చాడు. మొదటి క్లాసు యోబే చెప్దామనుకుంటుండా, ఆ అబ్బాయికి బాకీ ఉండా గదా. అయితే మాస్టారూ, 38వ అధ్యాయం నుంచి దేవుడు మాట్లాడతాడు గానీ యోబు అడిగిన ఎందుకు అనేదానికి జవాబు చెప్పడు. పిల్లలకి ఇదెట్టా చెప్పేది?

ఒంగోలు మాస్టారు:
జవాబు చెప్పలేదని ఉన్నదున్నట్టు చెప్పమ్మా, దాచొద్దు. తర్వాత 42:7 చదివించు. దేవుడికి కోపమొచ్చింది ప్రశ్న అడిగిన యోబు మీద కాదు, ఓదార్చడానికొచ్చి అన్నిటికీ కారణాలు చెప్పిన స్నేహితుల మీద. వాళ్లు 2:13లో ఏడు రోజులు నోరెత్తకుండా కూర్చున్నప్పుడే యోబుకి నయంగా ఉన్నారు. పాఠం రాసుకున్నాక ఇక్కడ పెట్టు, ఆదివారం లోపల చూసి చెప్తా.